ఎరుక వేరు, సోది వేరు



మన గ్రూపులో ఈమధ్య ఒక మాట పదేపదే వస్తోంది. "తత్వం, మెటాఫిజిక్స్, దయ్యం, చేతబడి అన్నీ ఒకే గంపలోవి. చదువుకున్నోళ్లం కదా, గంపతో సహా కాలవలో పారేద్దాం" అని. రాసిన అన్న మీద మాకు గౌరవమే. కానీ ఆ మాట తప్పు, దానివల్ల నష్టపోయేది కూడా మనమే. హాస్టల్లో మేం నలుగురం రెండు రాత్రులు కొట్లాడుకుని మరీ ఇది రాస్తున్నాం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. మిరపకోతల్లో, పత్తితీతల్లో పాము కరిస్తే ఇప్పటికీ మంత్రం వేసేవాళ్ల కాడికి తీసుకెళ్లేవాళ్లు మన కాలనీల్లో, తండాల్లో ఉన్నారు. మంత్రంతో బతికిన మనిషిని చూపిస్తారు కూడా. ఎందుకు బతికాడు? కరిచింది విషం లేని పాము అయి ఉంటుంది. లేదా విషప్పామే కరిచినా ఒంట్లోకి విషం ఎక్కి ఉండదు. నాగుపామో, కట్లపామో, రక్తపింజరో నిజంగా విషం ఎక్కిస్తే తాయెత్తు ఏం చెయ్యలేదు. ఆస్పత్రిలో యాంటీవెనమ్ ఎక్కించాలి. తాయెత్తు పనిచేస్తుందా లేదా అన్నది కళ్లతో చూసి, లెక్కపెట్టి తేల్చుకోగల సంగతి. తేలిపోయింది కూడా. అతీత శక్తుల మీద నమ్మకం అంటే ఇదీ. దీన్ని వదలాల్సిందే, ఇందులో మేం రాజీ పడం.

తత్వం అడిగే ప్రశ్నలు వేరే. ఒక వస్తువు ఉంది అంటే అర్థం ఏంటి? కారణం అంటే ఏంటి? మనిషికి ఎప్పటికీ మారని స్వభావం అంటూ ఒకటి ఉంటుందా? వీటికి ఏ దేవుణ్ణీ, దయ్యాన్నీ పిలవక్కర్లేదు. చెప్పినవాడు వాదనతో నిలబెట్టుకోవాలి, అంతే. ఇవి మనకెందుకులే అని వదిలేస్తే ప్రశ్న పోదు. మనల్ని అడగకుండా ఇంకెవడో జవాబు రాసేస్తాడు.

రాశారు కూడా. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలకు సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. దేశమంతటా ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. అందులో దయ్యం ఉందా? మంత్రం ఉందా? ఉన్నవన్నీ రిజిస్టర్లు, వేలిముద్రలు, సంతకాలు. కానీ వాటన్నిటి కింద ఒక నమ్మకం ఉంది, దొంగతనం కొన్ని జాతులకు పుట్టుకతో వచ్చే స్వభావం అని. చేతబడిని చూసి నవ్వే దొరలే దీన్ని నమ్మారు. ఇది మూఢనమ్మకాల లెక్కలోకి రాదు. ఇది తత్వమే, చెడ్డ తత్వం. ఇవాళ "మీవాళ్లకు చదువు వంటబట్టదు" అనే మాట కూడా దాని మనవడే.

దానికి జవాబు మన పల్నాడులోనే దొరుకుతుంది. మాచర్ల దాటితే నాగార్జునకొండ. పాత లోయ సాగర్ నీళ్ల కింద మునిగిపోయింది గానీ, ఆ కొండకు పేరిచ్చిన నాగార్జునుడి వాదం మునగలేదు. దేనికీ తనంతట తాను నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ వేరే కారణాల మీద ఆధారపడి పుడుతుంది అన్నాడు. మారని స్వభావమే ఉంటే మార్పు ఎలా వస్తుంది అని అడిగాడు. ఆ ప్రశ్నను స్టువర్టుపురానికి తీసుకెళ్లండి. దొంగతనం పుట్టుక స్వభావమైతే, పనిలో పెట్టి "బాగు చేస్తాం" అని సెటిల్మెంటు ఎందుకు? బాగుపడే సంగతైతే, పుట్టిన బిడ్డ మీద ముద్ర ఎందుకు? చట్టం నడుం అక్కడే విరుగుతుంది.

అదే నాగార్జునుడి మీద వేరే కథలూ ఉన్నాయి. నాగలోకం నుంచి గ్రంథాలు తెచ్చాడట, బంగారం తయారు చేశాడట. ఆ కథలన్నీ తీసేయండి, వాదానికి ఒక్క గీత కూడా పడదు. ఒకే మనిషి పేరు మీద రెండూ ఉన్నాయి. వేరు చేసుకోవడం మన పని.

"ఎరుక" అన్న మాట సంగతీ ఇంతే. మన ఎరుకల అవ్వలు బుట్ట, కర్ర పట్టుకుని ఎరుక చెప్తామని ఊళ్లు తిరిగారు. అచల తత్వాలు పాడేవాళ్లు అదే మాట పట్టుకుని, "నేనున్నాను" అని తెలియడమే నిజమా అని అడిగారు. వాళ్లది తత్వమని పుస్తకాలకెక్కింది. మనది మొత్తం మూఢనమ్మకమని రాశారు. రేపు జరగబోయేది చెప్పడం సోది, దాన్ని వదిలేద్దాం. కానీ శవం పక్కన కూర్చుని "నిన్నటిదాకా మాట్లాడిన మనిషి ఏమైపోయాడ్రా" అని అవ్వ అడిగిందే, అది సోది కాదు. ఏ యూనివర్సిటీలో అడిగినా అదే ప్రశ్న.

"కర్మ, ఆత్మ అని చెప్పే కదా మనల్ని తొక్కారు" అంటారు. నిజమే. అందుకే వాదించడం నేర్చుకోవాలి. చెవులు మూసుకుంటే వాళ్ల జవాబే మిగులుతుంది.

కాబట్టి పాము కరిస్తే 108కి ఫోన్ చేయండి, తాయెత్తు మాట ఎత్తకండి. "మీ జాతి స్వభావమే అంత" అని ఎవరైనా అంటే మాత్రం తల దించుకుని రాకండి. స్వభావం అంటే ఏంటో చెప్పి కదలమనండి.

జై ఆదివాసీ. జై భీమ్.