అనుపానమే ఔషధమవుతుందా?

చెరువు మెట్లపై పాచి ఉంటే చూసి అడుగు వేయమని మా నర్సింహులపేటలో పెద్దలు చెప్పేవారు. నీటిలో పెరిగే అటువంటి నాచే నేడు స్పైరులినా పేరుతో పచ్చని బిళ్ళలై, కొలెస్టరాల్‌ను కరిగిస్తుందన్న కీర్తితో ఇంటింటికీ చేరుతోంది. ఈ బిళ్ళల విషయంలోనూ చూసి అడుగు వేయవలసిందే.

గుండెకు స్టెంటు వేయించుకున్న మా చిన్నాయన అటోర్వాస్టాటిన్ మాత్రకు తోడుగా వీటిని మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మాత్ర మాని బిళ్ళలతోనే సరిపెట్టుకున్నారు. మూడు నెలల తరువాత రక్తపరీక్షలో, అంతకుముందు 92 ఉన్న ఎల్.డి.ఎల్. 168కి చేరింది. అడిగితే, "అది రసాయనం, ఇది ప్రకృతి కదరా!" అన్నారు. ఆ మాటతోనే నాకు పేచీ.

స్పైరులినాను నేను తక్కువ చేయడం లేదు. ఎండిన నాచులో సుమారు 60 శాతం మాంసకృత్తులే. ఆఫ్రికాలోని చాద్ సరస్సు తీరవాసులకు ఇది తరతరాల ఆహారం. రోజూ కొన్ని గ్రాములు తీసుకున్నవారిలో కొలెస్టరాల్ కొంత తగ్గినట్లు చిన్న పరిశీలనలు తెలిపాయి. అయితే గుండెపోటును ఆపగలదన్న రుజువు దానికి లేదు. స్టాటిన్ మందులకు ఉంది. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది హృద్రోగులను పరిశీలించగా, సింవాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి.

ఇక ప్రకృతి మాటకు వస్తే, 1970లలో జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో మొదటి స్టాటిన్‌ను కనుగొన్నది బూజులోనే. నాచు ప్రకృతి అయితే బూజు కాదా?

మన ఆయుర్వేదంలో అనుపానమనే చక్కని మాట ఉంది. చూర్ణాన్ని తేనెలో రంగరించి ఇస్తారు. చూర్ణం మాని తేనె నాకితే రోగం తగ్గుతుందా? స్పైరులినాకు నేనిచ్చే స్థానం అనుపానానికి కూడా ఒక మెట్టు దిగువనే, పథ్యాహారం వరుసలో. ఇటువంటి పోషక బిళ్ళల సీసాలపై 'ఔషధ వినియోగానికి కాదు' అని ముద్రించాలని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా ఆదేశిస్తున్నాయి. ఆ చిన్న అక్షరాలను చదివేవారెందరు?

కనుక గృహస్థులకు నా మనవి. బిళ్ళలు వాడదలచితే వైద్యునికి చెప్పి వాడండి. మురికి నీటి నాచులో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు చేరవచ్చు గనుక నమ్మకమైన సరుకే కొనండి. మాత్ర వల్ల కండరాల నొప్పులు వస్తే ఆ సంగతీ వైద్యునికే చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మాత్రం మానకండి.

మా చిన్నాయన మళ్ళీ రాత్రి మాత్ర వేసుకుంటున్నారు. పచ్చ బిళ్ళల సీసా కూడా పక్కనే ఉంది. ఉండనివ్వండి, పక్కన ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు.