చావు లేని మగవాళ్ళు, చచ్చిపోయే ఆడవాళ్ళు

ఒక సినిమాలోంచి ఏకంగా ఒక గ్రహాన్నే తీసేయించారు దాని అభిమానులు. ఇది నిజంగా జరిగింది. 1986లో ‘హైలాండర్’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. అందులో కత్తులతో పోరాడే చావులేని వీరులుంటారు. తల తెగితే తప్ప వాళ్ళకి మరణం లేదు. ఒకరి తలలు ఒకరు నరుక్కుంటూ పోయి చివరికి ఒక్కడే మిగలాలన్నది వాళ్ళ ఆట నియమం. వీళ్ళెక్కడినుంచి వచ్చారన్నది ఆ సినిమా చెప్పలేదు. 1991లో దానికి కొనసాగింపుగా వచ్చిన ‘హైలాండర్ 2: ద క్వికెనింగ్’ మాత్రం వీళ్ళంతా జైస్ట్ అనే వేరే గ్రహం నుంచి భూమికి వెలివేయబడ్డవాళ్ళని చెప్పింది. అభిమానులు భగ్గుమన్నారు. తన సినిమా తన చేతిలోంచి జారిపోయిందని దర్శకుడు రస్సెల్ మల్కాహీ కూడా మొత్తుకున్నాడు. 1995లో సినిమాని తిరగకూర్చి మళ్ళీ విడుదల చేశారు. జైస్ట్ గ్రహం మాయమైంది. 2004లో మరోసారి సవరించారు. ఈసారి ఆకాశం రంగు కూడా మార్చారు.

అంటే అభిమానుల కోపానికి ఎంత బలం ఉందో చూడండి! గ్రహాల్ని చెరిపేస్తుంది. ఆకాశానికి రంగు మారుస్తుంది. మరి ఇంత బలమైన కోపం ఆ సినిమాల్లోని ఆడవాళ్ళ విషయంలో ఎందుకు రాలేదు? ఇదీ నా ప్రశ్న.

హక్కుల పత్రికలో ఈ కత్తుల సినిమాల గొడవేమిటని విసుక్కోకండి. కాంతారావు కత్తియుద్ధాలు, విఠలాచార్య మాయలు చూస్తూ పెరిగినదాన్ని నేను. కత్తి పట్టిన వీరుడంటే నాకూ సరదాయే. హైలాండర్ సినిమాలు కూడా ఆ సరదాతోనే చూశాను. అయితే సరదాగా చూసేవే మనలోకి ఎక్కువగా ఇంకుతాయి. ఉపన్యాసాన్ని ప్రశ్నిస్తాం, కథని ప్రశ్నించం. అందుకే కథని ప్రశ్నించడం మరీ అవసరం.

మొదటి సినిమా చూడండి. కథానాయకుడు కానర్ మెక్లాడ్ 16వ శతాబ్దపు స్కాట్లండ్ వాడు. అతని భార్య హెదర్ మామూలు మనిషి. కానర్ ఇంట్లో లేనప్పుడు కర్గన్ అనే చావులేని క్రూరుడు వచ్చి, కానర్ గురువు రామిరెజ్‌ని చంపి, హెదర్ మీద అత్యాచారం చేస్తాడు. ఆ సంగతి ఆమె భర్తకి చెప్పదు. అతని పక్కనే ముసలిదై, అతని చేతుల్లోనే కన్నుమూస్తుంది. శతాబ్దాల తర్వాత న్యూయార్క్‌లో ఒక చర్చిలో ఇద్దరు మగవాళ్ళూ ఎదురుపడతారు. అక్కడ కర్గన్ మాటల్లో ఆ రహస్యం బయటపడుతుంది. ఆమె జీవితమంతా గుండెల్లో దాచుకున్న బాధ ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి రెచ్చగొట్టే ఎకసెక్కంగా మారిపోయింది! ఆమె ఎందుకు చెప్పలేదు? ఎవరికి భయపడింది? ఆ యాభై ఏళ్ళూ ఆమె లోపల ఏం జరిగింది? కథకి అక్కరలేదు. దానికి కావలసింది కానర్ ముఖంలో కోపం మాత్రమే. చెల్లెలి మానం పోతే తప్ప అన్నకి ఆవేశం రాని మన తెలుగు సినిమాలు ఎన్ని చూశాం! స్కాట్లండ్ కొండల్లో అయినా కృష్ణా జిల్లా పొలాల్లో అయినా సూత్రం ఒక్కటే.

ఇక బ్రెండా సంగతి. ఆమె పోలీసు శాఖలో పనిచేసే నిపుణురాలు. దొరికిన లోహపు ముక్కల్ని పరీక్షించి కానర్ రహస్యాన్ని పట్టుకున్న తెలివైన మనిషి. మొదటి సినిమా చివర కానర్ ఆమెతో కలిసి వెళతాడు. రెండో సినిమాకి ఆమె అవసరం తీరిపోయింది. ఓజోన్ పొర దెబ్బతిని, ఎండ సోకి పోయిన అసంఖ్యాకుల్లో ఆమెని ఒకతెను చేసేశారు. 1994లో మూడో సినిమా వచ్చింది. అది రెండో సినిమా కథని అసలు జరగనట్టే వదిలేసింది. కథ జరగకపోతే బ్రెండా బతికే ఉండాలి కదా? లేదు! అందులో కారు ప్రమాదంలో చంపారు. ఒకే ఆడమనిషిని రెండు సీక్వెళ్ళలో రెండు రకాలుగా చంపారన్నమాట. అదే రామిరెజ్ సంగతి చూడండి. మొదటి సినిమాలో అతని తల తెగిపడింది. రెండో సినిమాలో కానర్ పేరు పెట్టి పిలవగానే స్కాట్లండ్‌లో హామ్లెట్ నాటకం ఆడుతున్న రంగస్థలం మీద నిక్షేపంగా ప్రత్యక్షమవుతాడు. గురువుగారి కోసం నియమాలన్నీ పక్కకి జరిగాయి. భార్య కోసం ఒక్క నియమమూ జరగలేదు.

రెండో సినిమాలో నాకు అందరికంటే ముఖ్యమైన మనిషి లూయీజ్ మార్కస్. కథ 2024లో జరుగుతుంది. ఎండనుంచి కాపాడ్డానికి భూమి చుట్టూ ఒక కవచం కట్టారు. అది ఒక కంపెనీ చేతిలోకి పోయింది. ఓజోన్ పొర బాగుపడిందనీ, ఇక కవచంతో పనిలేదనీ కంపెనీకి తెలుసు. లాభం కోసం దాచిపెట్టింది. జనం చీకట్లో మగ్గుతున్నారు. ఆ నిజాన్ని ప్రాణాలకి తెగించి వెలికితీసే పోరాట బృందంలో లూయీజ్ ఒకరు. అధికారుల దృష్టిలో ఆమె ఉగ్రవాది. ఆకాశం మీద హక్కు ప్రజలదని కొట్లాడే స్త్రీ! దీనికంటే గొప్ప కథ ఏం కావాలి? కానీ ఆమె కానర్ దగ్గరికి సాయం కోరి వచ్చిన కాసేపటికే అతను ముసలితనం వదిలి యువకుడైపోతాడు, ఆమె అతని కౌగిట్లో చేరిపోతుంది. అక్కడినుంచి పోరాటం అతనిది, ఆమె వెంట నడిచే మనిషి. 2024 వచ్చింది, వెళ్ళింది కూడా. నిజ జీవితంలో 1987 మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. ఏ కత్తివీరుడూ అక్కరలేకపోయింది. నిజాలు బయటపెట్టినవాళ్ళు, ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళు, అంటే లూయీజ్‌లాంటి వాళ్ళే కావలసి వచ్చింది. 1995లో గ్రహాన్ని తీసేసినవాళ్ళు లూయీజ్‌కి ఆమె పోరాటాన్ని తిరిగి ఇవ్వలేదు.

2000లో వచ్చిన ‘హైలాండర్: ఎండ్‌గేమ్’ ఇంకా ముందుకు పోయింది. కానర్ తల్లిని మంత్రగత్తె అని సజీవంగా కాల్చేస్తారు. అక్కడ మొదలైన పగ కానర్‌కీ జాకబ్ కెల్‌కీ మధ్య నాలుగు వందల ఏళ్ళకు పైగా సాగుతుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాజీల బారినుంచి కానర్ కాపాడి పెంచుకున్న రేచల్ ఆ పగలోనే పేలుడులో చనిపోతుంది. వీటన్నిటినీ మించింది కేట్ కథ. కానర్ వంశం వాడైన డంకన్ ఆమెని పెళ్ళాడతాడు. ఆమెకి కూడా చావులేనిదయ్యే లక్షణం ఉందని అతనికి తెలుసు, ఆమెకి తెలియదు. అలాంటివాళ్ళు హింసతో ఒకసారి చనిపోతే ఆ వయసులోనే ఎప్పటికీ నిలిచిపోతారు. అందుకని పెళ్ళిరాత్రే ఆమెని కత్తితో పొడుస్తాడు. ఎందుకట? ఎప్పటికీ కలిసి ఉండొచ్చని. ప్రేమతో. ఆమె మంచికే.

‘నీ మంచికే’ అన్న మాట మనం ఎక్కడ వినలేదు? మా సంఘానికి వచ్చే స్త్రీలు రోజూ చెప్పే మాట అది. చదువు మాన్పించినవాడూ అదే అంటాడు, ఉద్యోగం వదిలేయించినవాడూ అదే అంటాడు, పిల్లలు ఎప్పుడు పుట్టాలో తానే తేల్చేసినవాడూ అదే అంటాడు. నన్ను అడిగారా అన్నది ఆమె ప్రశ్న. అడగాలన్న ఊహే అతనికి రాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 63వ సెక్షన్‌లో భర్తకి మినహాయింపు అలాగే ఉంచింది. భార్యకి 18 ఏళ్ళు నిండితే భర్త చేసే బలవంతం అత్యాచారం కిందికి రాదట. పెళ్ళంటే ఒకేసారి, అన్నిటికీ, ఎప్పటికీ ఇచ్చిన అంగీకారమని మన చట్టం అనుకుంటోంది. డంకన్ అనుకున్నదీ అదే.

మరి అభిమానులు ఏమన్నారు? ప్రచార చిత్రంలో చూపించిన గారడీ దృశ్యాలు సినిమాలో లేవని మండిపడ్డారు. కేట్ విషయంలో నేను ఎక్కువగా విన్న ఆక్షేపణ ఒకటే: ‘మా డంకన్ అలాంటి పని చేయడు’ అని. బాధ డంకన్ మంచిపేరు గురించి! పొడిపించుకున్నది కేట్ అయితే మచ్చ పడింది డంకన్ మీదనట. ఆమె అతన్ని వదిలి వెళ్ళిపోయింది, శత్రువు పక్షాన చేరింది. ఆమె కోపం న్యాయమైనదని గట్టిగా చెప్పే గొంతు నాకు వినపడలేదు.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. ‘పాతకాలం కథ కదా, అప్పుడు ఆడవాళ్ళ బతుకు అంతే’ అంటారు. పాతకాలంలో తల తెగితే మెరుపులు పుట్టాయా? కల్పనకి హద్దుల్లేవని గ్రహాల్నే పుట్టించినవాళ్ళు ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చరిత్రకి కట్టుబడతారెందుకు? ‘చావులేని ఆడవాళ్ళూ ఉన్నారు కదా’ అంటారు. ఉన్నారు. 1992 నుంచి 1998 దాకా నడిచిన టీవీ సీరియల్లో అమాండా ఉంది. తర్వాత ఆమె ప్రధాన పాత్రగా ఇంకో సీరియల్ వచ్చింది, ఒక్క ఏడాదికే ఆగిపోయింది. ఆమె ఉండటం నా వాదనకే బలం. ఆడది కత్తి పట్టడానికి ఆ కథాలోకం నియమాలేవీ అడ్డు కాదని అమాండా నిరూపించింది. అడ్డు రాసేవాళ్ళ బుర్రల్లో ఉంది.

ఇప్పుడు చాడ్ స్టాహెల్‌స్కీ దర్శకత్వంలో, హెన్రీ కావిల్ నాయకుడుగా హైలాండర్‌ని మళ్ళీ కొత్తగా తీస్తామని ప్రకటించారు. కాబట్టి అభిమానులతో, ముఖ్యంగా అభిమానులైన స్త్రీలతో నేను చెప్పేది ఇదే. ఆ టీవీ సీరియల్ని ప్రేమించి, దానిమీద తమ సొంత కథలు రాసుకున్నవాళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళే. మీ కోపానికి బలం ఉందని 1995లోనే తేలింది. దాన్ని ఈసారి సరైన చోట వాడండి. హెదర్ తన కథ తానే చెప్పాలని అడగండి. బ్రెండాని చంపకుండా కథ నడపమని అడగండి. లూయీజ్ పోరాటానికి లూయీజే నాయకురాలు కావాలని అడగండి. కేట్‌ని ముందుగా అడగమని అడగండి.

చివరికి ఒక్కడే మిగలాలట! మిగిలిన ఆ ఒక్కడి వెనక ఎంతమంది ఆడవాళ్ళ చావులున్నాయో లెక్క అడిగే హక్కు చూసేవాళ్ళుగా మనకుంది. టిక్కెట్టు డబ్బులు మనమూ ఇస్తున్నాం.