కుటుంబ క్షేమం: గాలపు కర్ర ఇల్లు చేరేదాకా



అనంతపురం సీమలో పడవల గురించి, గాలాల గురించి రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల మనది. అయినా 2021 నవంబరులోనూ, 2022 అక్టోబరులోనూ కురిసిన పెద్ద వానలకు మన చెరువులు, వంకలు ఎలా పొంగాయో మీకు తెలుసు. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి దాకా వస్తున్నాయి. నీళ్లు వచ్చిన చోటికి చేపలు, చేపల వెంట గాలాలు వస్తాయి.

కోస్తాలో పడవ ఒడ్డునే ఉంటుంది. మన దగ్గర పడవ నీటి మీదికంటే రోడ్డు మీదే ఎక్కువ తిరుగుతుంది. ఒక చెరువు ఎండితే పుట్టిని ట్రాలీ ఆటో మీదనో, ట్రాక్టరు మీదనో వేసుకొని ఇంకో చెరువుకు పోవాలి. బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల చెరువులు నిండాయని తెలిస్తే చాలు, పట్నం పిల్లలు కూడా గాలపు కర్రలు పట్టుకొని మోటారు సైకిళ్లెక్కుతారు. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సామాను ఒక్కరోజులో కిందికి దిగుతుంది. నీళ్లు చూసిన సంతోషంలో దాన్ని ఎలా కట్టాలో, ఎలా మోయాలో ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. అపాయం అక్కడే ఉంది.

మొదటి అపాయం కర్ర కొస. బండి వెనక మూరెడు బయటికి వచ్చిన సన్నని కొస, సరిగ్గా దాని వెనక వచ్చేవాడికి ఒక చుక్కలాగే కనబడుతుంది. బండి బ్రేకు వేసేసరికి అది కంటి దగ్గర ఉంటుంది. రెండోది గాలపు ముల్లు. గాలికి దారం విప్పుకుంటే ముల్లు పక్కన కూర్చున్న పిల్ల చెంపకో, దారిన పోయే వాడి చేతికో తగులుకుంటుంది. మూడోది కరెంటు తీగ. ఈ రోజుల్లో అమ్మే కర్రల్లో చాలావాటిలో కార్బన్ నార ఉంటుంది. దాని గుండా కరెంటు సులువుగా పారుతుంది. తడిసిన వెదురునూ నమ్మలేము. 11 వేల వోల్టుల తీగను తాకనక్కరలేదు, బాగా దగ్గరికి పోయినా కరెంటు దూకుతుంది. పొలాల మీద, చెరువు కట్టల మీద తీగలు వేలాడే చోట్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

ఇందుకు ఖర్చులేని ఉపాయాలున్నాయి. విడదీసే కర్రయితే విడదీయండి. ముల్లు తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి. తీయడం కుదరకపోతే పాత హవాయి చెప్పు ముక్కకు గుచ్చి, దారం బిగించి చుట్టండి. బోరు వేసిన ప్రతి ఇంటిలో మిగిలిన పీవీసీ పైపు ముక్క ఉంటుంది. కర్రలను అందులో దూర్చి రెండు పక్కలా మూత పెడితే అంతకంటే మంచి ఒర లేదు. ఆ పైపును బండి తొట్టిలో అడుగున పొడవుగా పడుకోబెట్టి, రెండు చోట్ల సైకిలు ట్యూబుతో కట్టాలి. కర్రలను పుట్టిలో నిలబెట్టి తీసుకుపోకూడదు. పుట్టి గాలికి లేస్తుంది గనుక దానిని నాలుగు వైపులా తాడు వేసి విడిగా బిగించాలి. దాని మీద మనుషులను కూర్చోబెట్టకూడదు. రెండు కిలోమీటర్లు పోయాక బండి ఆపి కట్లు మళ్లీ చూడాలి, కుదుపులకు తాడు వదులవుతుంది. మోటారు సైకిలు మీద విప్పిన కర్రను చేత పట్టుకొని కూర్చోవడం మానండి. బండి అంచులు దాటి సరుకు వేస్తే 20 వేల రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

జాగ్రత్తపడినా ప్రమాదం జరగవచ్చు. కంటికి ముల్లు తగిలితే లాగవద్దు, నొక్కవద్దు. కంటి మీద చిన్న కప్పు బోర్లించి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకుపోండి. చర్మంలో లోతుగా దిగినా డాక్టరే తీయాలి, ధనుర్వాతం సూది వేయించాలి. కరెంటు తగిలినవానిని సరఫరా ఆపకముందు ముట్టుకోవద్దు. 1912కు, 108కి ఫోను చేయండి.

ఇది ఆత్మీయ పత్రికలో రాయవలసిన సంగతేనా? ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందన్నాడు. పిట్టగోడ కట్టుకున్నవాడి కోసమే కాదు, మేడ ఎక్కిన పొరుగువాడి కోసం కూడా. మన బండి వెనక వచ్చేవాడు పేరు తెలియని పొరుగువాడు. మత్తయి 17:27లో ప్రభువు పేతురును గాలం వేయమని పంపింది దేనికి? తన హక్కు తాను అడగవచ్చు, అయినా ఎదుటివారికి అభ్యంతరం కలగకూడదని. ఆ గాలం ఇతరుల మేలు తలచి వేసిన గాలం. మన గాలమూ అలాగే ఉండాలి.

తండ్రులారా, ఈసారి చెరువుకు బయలుదేరేముందు ప్రార్థన చేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పిల్లలను కూడా వెంట తిప్పండి. కొస బయటికి వచ్చిందా, ముల్లు మూసి ఉందా, తాడు బిగిసిందా అని వాళ్లనే అడగండి. పొరుగువానిని ప్రేమించడమంటే ఏమిటో వాళ్లకు ఆ తాడు ముడి దగ్గర కూడా అర్థమవుతుంది.

దేవుడు మీ రాకపోకలను కాపాడును గాక.