రిలే అబద్ధం చెప్పిందా?

మన హాస్టల్‌లో ఐటీఐ, డిప్లొమా చదువుతూ కరెంటు శాఖ ఉద్యోగాలవైపు చూస్తున్న తమ్ముళ్లు చాలామంది. వారికోసమే ఈ నాలుగు మాటలు.

పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జ్ చేసినపుడు, అవతల లోడు ఏమీ లేకున్నా, ఒక్కోసారి ఫుల్ లోడు కరెంటుకు 8, 10 రెట్లు లాగుతుంది. ఓల్టేజి సున్నా దాటే క్షణంలో బ్రేకర్ పడితే కోర్‌లో ఫ్లక్స్ మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా పోతుంది. పాత అయస్కాంతత్వం మిగిలి ఉంటే ఇంకా ఎక్కువ. భోజనం బెల్లు కొట్టగానే మెస్ దగ్గర తోపులాట లాంటిదే, కాసేపటికి సర్దుకుంటుంది.

ఈ కరెంటు ఒకవైపే పారుతుంది కనుక డిఫరెన్షియల్ రిలే దాన్ని లోపలి ఫాల్టు అనుకోవచ్చు. అందుకే సెకండ్ హార్మోనిక్, అంటే 100 హెర్ట్జ్ పాలు, సుమారు 15 శాతం దాటితే ట్రిప్ ఆపేలా రిలేను సెట్ చేస్తారు. అయినా ఒక్కోసారి ట్రిప్ అవుతుంది.

"ఛార్జింగ్‌లో ట్రిప్ మామూలే, మళ్లీ వెయ్యి" అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. నిజంగానే వైండింగ్ షార్టయి ఉంటే రెండోసారి వేసినపుడు ట్యాంకు పగలవచ్చు, ఆయిల్ అంటుకోవచ్చు. రిలే రికార్డు చదవండి, బుకోల్జ్ రిలేలో గ్యాస్ చూడండి, ఆ తరువాతే బ్రేకర్. పైవాళ్లు కేకలేస్తే వేయనివ్వండి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లోని మిర్చి టిక్కీలు గంటకే చెడిపోవు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మార్చడానికి వారాలు పడుతుంది.

ల్యాబ్‌లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ పదిసార్లు వేసి చూపమని మీ లెక్చరర్‌ను అడగండి. ఒక్కోసారి ఒక్కో రకంగా గుయ్యిమంటుంది.