గోడరంగు గాలిని కడుగుతుందా?

ఈ మధ్యే కొత్త ఫ్లాటులోకి మారిన ఒక సోదరి రాస్తున్నారు: "ప్లైవుడ్ బీరువా తలుపు తీస్తే చాలు, కళ్ళు మండుతున్నాయి. అయిదు నెలల పాప ఆ గదిలోనే పడుకుంటుంది. వెలుతురు తగిలితే చెడుగాలిని హరించే రంగు వుందట. మావారు వేయిద్దామంటున్నారు. ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటున్నది. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ఆ ఘాటు చాలావరకు ఫార్మాల్డిహైడ్ అనే వాయువుది. చెక్కపలకల్ని అతికించే జిగురులోంచి నెలల తరబడి వస్తూనే వుంటుంది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దానిని కాన్సర్ కారకమని నిర్ధారించింది. మీ బెంగ వుత్త బెంగ కాదు.

ఇక ఆ రంగు మాట. అందులోని సరుకు టైటానియం డయాక్సైడు. 1972లో ఫుజిషిమా, హోండా అనే జపాను శాస్త్రజ్ఞులు, దానిమీద అతినీలలోహిత కాంతి పడితే నీరు విడిపోతున్నదని ప్రకటించారు. తాను ఖర్చు కాకుండానే అది గాలిలోని ఆవిర్లను బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చగలదని తర్వాత తేలింది. మామూలు తెల్లరంగులో వున్నదీ యిదే పొడి కదా అంటారేమో! పూర్వం ఎండ తగిలే గోడమీద తెల్లరంగు పిండిలా రాలి చేతికంటుకునేది. ఈ పొడి చేసే ఆగడమే అది. అందుకని రంగులవాళ్ళు ఆ రేణువులకు సిలికా, అల్యూమినా పూత వేసి నోరు కట్టేస్తారు.

మీ గదిలో చిక్కల్లా వెలుతురుతోనే. దానికి కావలసిన కిరణాల్ని కిటికీ అద్దం కొంత ఆపేస్తుంది, ఎల్.ఇ.డి. బల్బులో అవి లేనట్టే. పాప నిద్రపోయే వేళకు మీ రంగూ నిద్రపోతుంది! మామూలు వెలుతురుకే పనిచేస్తాయనే రకాలున్నాయి గాని, వాటి పని మరీ నిదానం. పైగా పని సగంలో ఆగితే స్పిరిటు వంటి ఆవిర్లు అసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్‌లుగా మిగిలిపోతాయి. దయ్యాన్ని వదిలించవచ్చినవాడు యింకో దయ్యాన్ని దిగవిడిచి పోయినట్టు! ఆరుబయట సంగతి వేరు. రోమ్‌లో 2003లో తెరిచిన ఒక చర్చిని, తెల్లగా నిలవాలని, ఈ పొడి కలిపిన సిమెంటుతోనే కట్టారు.

మీవారికి నచ్చజెప్పండి. ముందు పాప వుయ్యాలను వేరే గదిలోకి మార్చండి. పగలు బీరువా తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఫాను వెయ్యండి. వడ్రంగిని పిలిచి, పలకల కోసిన అంచులన్నిటికీ లామినేటు పట్టీ అతికించమనండి. లోపలివైపు, వెనకవైపు అంచులు వాళ్ళు తరచు వదిలేస్తారు. వేడికి, వుక్కకు ఆ వాయువు ఎక్కువగా వస్తుంది కనుక వేసవిలోపే ఈ పని కానివ్వండి. పాపకు దగ్గో ఆయాసమో వుంటే మాత్రం రేపటిదాకా ఆగక డాక్టరుకు చూపించండి.