తెప్ప మీద కాపురము

ఒకే కప్పు క్రింద ఉండి కూడ వారము రోజులు మాటలాడుకొనని ఆలుమగలను మేము దర్శించుచుంటాము. అట్టివారికి మారిస్, మారలిన్ బెయిలీ అను ఇంగ్లండు దంపతుల సంగతి చెప్పాలనిపించును.

వీరు ఇల్లు అమ్మి, 31 అడుగుల తెరచాప పడవలో 1972లో న్యూజిలాండుకు బయలుదేరిరి. 1973 మార్చి 4న పసిఫిక్ మహాసముద్రములో తిమింగలము ఢీకొని పడవకు చిల్లు పడినది. గంటలోపే మునిగిపోయినది. కబురు చేయుటకు రేడియో లేదు, ఆయనే వద్దనుకొన్నాడు. ఆమెకు ఈత రాదు!

మిగిలినవి గాలి నింపిన రబ్బరు తెప్ప, దానికి కట్టిన చిన్న పడవ. డబ్బాల తిండి అయిపోయిన తరువాత ఆమె పిన్నీసులు వంచి గాలములు చేసినది. చేపలు, తాబేళ్లు పచ్చివే తినిరి. వాన నీళ్లు పట్టుకొనిరి. ఏడు ఓడలు వీరిని చూడకనే దాటిపోయినవి.

ఆయన జబ్బుపడి ఆశ వదలుకొన్నాడు. ఆమె వదలలేదు. కాగితముతో పేకముక్కలు చేసి ఆయనతో ఆడించినది. (పేకాటను మేము మెచ్చము గాని, ఈ ఆటకు వంక పెట్టలేము.) ఇక కట్టించుకొనబోయే రెండవ పడవలో ఏ సామాను ఎక్కడ ఉండాలి, ఏమేమి వండుకోవాలి అని ఆయనను కూర్చోబెట్టి మాటలాడినది. తెప్పకేమో రోజూ గాలి కొట్టుకొనవలసిన స్థితి!

117 రోజుల పిమ్మట, జూన్ 30న కొరియా చేపల ఓడ వారిని ఎక్కించుకొన్నది. తరువాత నిజముగానే రెండవ పడవ కట్టించుకొని మరల సముద్రము మీదికి వెళ్లిరి. దానికి పాత పేరే పెట్టిరి: ఆరలిన్. ఇద్దరి పేర్లు కలిపి చేసుకొన్న పేరది.