పచ్చబల్ల మీద బ్రతుకుతెరువు

అంగలకుదురు నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయను. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడట. కాలేజీ అయ్యాక తెనాలిలో గంటకింత అని అద్దె కట్టి స్నూకర్ ఆడుతున్నాడట. సంగతి ఇంట్లో తెలిసింది. "జమీందార్లూ, జూదగాళ్ళూ ఆడే ఆట నీకెందుకురా?" అని నాన్నగారు కేకలేశారట. చివర్లో ఒక్క ప్రశ్న – "అన్నగారూ, ఈ ఆటతో బతకొచ్చా?"

సినిమా పత్రికవాడికి యీ ప్రశ్న వేయడమేమిటని నవ్వుకోకండి. ఆ నాన్నగారికి ఆ అభిప్రాయం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? మన సినిమాల నుంచే! పాత చిత్రాల్లో విలన్‌గారి బంగళా సెట్టు గుర్తు తెచ్చుకోండి. గోడమీద పులితల, మూలన సీసాల బీరువా, మధ్యలో పచ్చగుడ్డ పరిచిన పెద్ద బల్ల. పట్టు గౌను, నోట్లో పైపు, చేతిలో పొడుగాటి కర్ర. హీరోయిన్ తండ్రి ఆస్తి ఎలా కాజెయ్యాలో అనుచరుడికి చెబుతూ విలన్ ఒక బంతిని కొడతాడు. బంతి ఎప్పుడూ గుంటలో పడుతుంది, గురి తప్పదు! ఎందుకంటే తప్పితే మళ్ళీ టేకు తీస్తారు. ఆ బల్లను దర్శకులు విలన్ దర్జా చూపడానికి వాడుకున్నారే గానీ, దానిమీద ఒక ఆట వుందనీ, ఆ ఆటకి చెమట కావాలనీ ఎవరూ చూపలేదు.

అసలు యీ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూరులో, వానాకాలం పొద్దుపోని బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ బల్లమీద రంగు బంతులు చేర్చి కొత్త ఆట కల్పించారు. నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసరుది ఆ ఆలోచన. (తరువాత ప్రధానమంత్రి అయిన చాంబర్లేన్ వేరు, యీయన వేరు.) 1882లో ఊటీ క్లబ్బులో దానికి నియమాలు రాసి గోడకు తగిలించారు. మన హీరో హీరోయిన్లు డ్యూయెట్లు పాడుకున్న ఊటీయే! ఎన్ని యూనిట్లు ఆ క్లబ్బు పక్కనుంచి వెళ్ళి వుంటాయో.

ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. బల్ల పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పదిహేను ఎర్రబంతులు, ఆరు రంగు బంతులు, కొట్టడానికి ఒక తెల్లది. ఎర్రది వేస్తే ఒక పాయింటు. ఎర్రది వేసిన ప్రతిసారీ ఒక రంగు బంతి వేయాలి. పసుపుకి రెండు, ఆకుపచ్చకి మూడు, గోధుమకి నాలుగు, నీలానికి అయిదు, గులాబీకి ఆరు, నలుపుకి ఏడు. ప్రతి ఎర్రబంతి తరువాతా నల్లదే వేసి, చివర్లో రంగులన్నీ వరసగా వేస్తే 147 పాయింట్లు. ఫౌళ్ళ పాయింట్లు కలవకుండా ఒక్క దమ్ములో కొట్టగల పూర్తి లెక్క అది. మన భాషలో చెప్పాలంటే ఒక్క కట్ లేకుండా, ఒక్క తడబాటు లేకుండా మొత్తం రీలు ఒకే షాట్‌లో ఓకే అవడం!

యీ ఆట అదృష్టాన్ని మార్చింది కూడా ఒక విధంగా సినిమావాళ్ళ సరుకే. కలరు! 1927లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నెగ్గిన జో డేవిస్‌కి దక్కింది ఆరున్నర పౌన్లు. అటు తరువాత చాలా ఏళ్ళు ఆటని పట్టించుకున్నవాడు లేడు. 1969లో బి.బి.సి. వారికి కలర్ టెలివిజన్ చూపించుకోడానికి రంగురంగుల కార్యక్రమం ఒకటి కావలసివచ్చింది. ఇన్ని రంగులు ఒక్కచోట దొరికేది స్నూకర్ బల్లమీద తప్ప ఇంకెక్కడ? 'పాట్ బ్లాక్' అనే కార్యక్రమం మొదలైంది. టెడ్ లో అనే వ్యాఖ్యాత, నలుపు–తెలుపు సెట్లవాళ్ళ సౌకర్యం కోసం గులాబీ బంతి ఆకుపచ్చ బంతి పక్కనే వుందని చెప్పాడని యిప్పటికీ చెప్పుకు నవ్వుతారు. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ ఆఖరి ఫ్రేములో ఆఖరి నల్లబంతి దాకా పోట్లాడుకుంటే, అర్ధరాత్రి దాటాక కూడా కోటీ ఎనభై అయిదు లక్షలమంది టీవీల ముందు కూచుని చూశారు.

సరే, బతకడం సంగతికి వద్దాం.

తమ్ముడూ, మీ చుట్టుపక్కల ఊళ్ళనే చూడు. బుర్రిపాలెం నుంచి కృష్ణ, మోరంపూడి నుంచి జగ్గయ్య, రావికంపాడు నుంచి గుమ్మడి, తెనాలి నుంచి శారద – అందరూ మద్రాసు చేరినవాళ్ళే. 1965లో 'తేనె మనసులు' వచ్చేదాకా కృష్ణ పేరు ఎంతమందికి తెలుసు? ఆ దారినే మద్రాసు బండెక్కి, పాండీబజారులో కాళ్ళరిగేలా తిరిగి, మళ్ళీ అదే బండిలో తెనాలి స్టేషన్లో దిగినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. స్నూకర్ ఆటగాడికి మద్రాసు ఎక్కడుందంటే ఇంగ్లండులో వుంది. అందులోనూ ముఖ్యంగా షెఫీల్డ్. ఇనుము, ఉక్కుకి పేరుపడ్డ ఊరు. 1977 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అక్కడి క్రూసిబుల్ థియేటర్‌లో జరుగుతోంది. థియేటర్ అంటే సినిమా హాలు కాదు, నాటకాల హాలు. వెయ్యికి కాస్త తక్కువ సీట్లు. రామవిలాస సభవారి నాటకాల్లో స్థానం నరసింహారావుగారు ఆడవేషం కట్టి ఊపేసిన తెనాలివాళ్ళకి, ఆటగాణ్ణి రంగస్థలం మీదికి ఎక్కించిన ఆ ఊరివాళ్ళ ఆలోచన చప్పున అర్థమవుతుంది.

ప్రొఫెషనల్ టూర్‌లో ఆడేవారు సుమారు 128 మంది. కొత్తవాడికి రెండేళ్ళకి కార్డు ఇస్తారు. ఆ రెండేళ్ళలో గెలిచిన డబ్బే ర్యాంకు. మొదటి 64లో వుండకపోతే కార్డు పోయినట్టే. మళ్ళీ 'క్యూ స్కూల్' అనే అర్హత పోటీలో మొదటినుంచి మొదలుపెట్టాలి. విమానం టిక్కెట్టు, హోటలు, ప్రాక్టీసు బల్ల అద్దె – ఖర్చంతా ఆటగాడిదే. మన సినిమాల్లో నిర్మాత కనీసం భోజనం పెడతాడు! తొలిరౌండులో ఓడితే చేతికి ఏమీ రాని టోర్నమెంట్లు చాలా వుండేవి. అంటే ఆడినందుకు ఎదురు కట్టుకోవడమన్నమాట.

ఖర్చుకన్నా కష్టమైంది ఇంకోటుంది. అది కుర్చీ. యీ ఆటలో ఎదుటివాడు బంతులు వేస్తున్నంతసేపూ నువ్వు చేసేదేమీ లేదు. క్రికెట్‌లో అయితే ఫీల్డింగ్ చెయ్యొచ్చు, టెన్నిస్‌లో పరుగెత్తొచ్చు. సినిమాలో ఎదుటివాడు డైలాగు చెబుతుంటే కనీసం రియాక్షన్ ఇవ్వొచ్చు. ఇక్కడ బో టై కట్టుకుని, గ్లాసెడు నీళ్ళు పక్కన పెట్టుకుని, నీ ఓటమిని నువ్వే ముందు వరసలో కూచుని చూడాలి. తరువాత పిలుపొస్తే లేచి, చల్లబడిన చెయ్యితో మొదటి బంతే గురిగా కొట్టాలి. మేకప్ వేసుకుని పొద్దున్నుంచీ సెట్లో కూచుని, సాయంత్రం ఆరింటికి పిలవగానే ఏడుపు సీను చెయ్యాల్సిన ఆర్టిస్టుల్ని అడగండి, వాళ్ళు చెబుతారు. మ్యాచ్ అయ్యాక పరాయి ఊళ్ళో, చలిలో, ఒంటరిగా గదికి నడక. మాట్లాడ్డానికి మనిషి వుండడు. ఆవకాయ వుండదు సరేసరి.

యీ కుర్చీ విలువ తెలిసిన ఇద్దరు భారతీయుల కథ చెబుతాను. ఇద్దరూ 1985లోనే పుట్టారు. బెంగుళూరు పంకజ్ అద్వానీ, ముంబాయి ఆదిత్య మెహతా.

పంకజ్ 2003లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ నెగ్గాడు. బిలియర్డ్స్, స్నూకర్ రెండూ చేత్తో పట్టుకు తిరిగేవాడు. పేరుంది, బిరుదులున్నాయి, ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం వుంది. ఇంకేం కావాలి? అయినా 2012లో ఇంగ్లండు ప్రొఫెషనల్ టూర్‌లో దిగాడు. ఊళ్ళో వంద రోజుల హీరో, మద్రాసులో జూనియర్ ఆర్టిస్టుల వరసలో నిలబడటం లాంటిదది. 2013 వెల్ష్ ఓపెన్‌లో షాన్ మర్ఫీ, గ్రేమ్ డాట్ లాంటి మాజీ ప్రపంచ ఛాంపియన్లను ఓడించి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు. ర్యాంకింగ్ టోర్నమెంటులో అంతదూరం వెళ్ళిన మొదటి భారతీయుడు అతనే.

అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో ఇండియన్ ఓపెన్ పెట్టారు. మన గడ్డమీద మొదటి ర్యాంకింగ్ టోర్నమెంటు. స్క్రీన్‌ప్లే రచయిత రాసినా యిలా రాయడు – క్వార్టర్ ఫైనల్లో పంకజ్, ఆదిత్య ఎదురెదురు పడ్డారు! చిన్నప్పటినుంచీ కలిసి ఆడినవాళ్ళు. ఒకరు బల్ల దగ్గర, ఒకరు కుర్చీలో. ఏడు ఫ్రేములూ ఆడాక 4–3తో ఆదిత్య గెలిచాడు. సెమీఫైనల్లో స్కాట్లండు ఆటగాడు స్టీఫెన్ మగ్వైర్‌ని కూడా 4–3తోనే పడగొట్టాడు. ఫైనల్లో చైనా స్టారు డింగ్ జున్‌హుయ్ 5–0తో కొట్టాడు. ఒక్క ఫ్రేమూ రాలేదు. అయితేనేం, ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన తొలి భారతీయుడనే పేరు మిగిలింది. మరుసటి ఏడాది జర్మనీలో ఆదిత్య 147 కూడా కొట్టాడు. ప్రొఫెషనల్ పోటీలో ఒక భారతీయుడు కొట్టిన తొలి 147 అది. కానీ గాయాలు పట్టుకున్నాయి. వంగి కర్రమీద గడ్డం ఆనించి గంటలు గంటలు ఆడే ఆటలో మెడ, భుజం సహకరించకపోతే ఎంత ప్రతిభ వున్నా ఏం లాభం? కొన్నాళ్ళకి టూర్‌కి దూరమయ్యాడు.

పంకజ్ సంగతి మరోలా నడిచింది. 2014లో, రెండు సీజన్లు పూర్తయ్యాక, కార్డు వదిలేసి ఇంటికొచ్చేశాడు. పారిపోయాడని కొందరన్నారు. నేననను. ఎందుకంటే అదే ఏడాది అక్టోబరులో లీడ్స్ వెళ్ళి, ఇంగ్లండు గడ్డమీదే, బిలియర్డ్స్‌లో రెండు రకాల పోటీల్లోనూ ప్రపంచ టైటిళ్ళు రెండూ పట్టుకొచ్చాడు! ఇంటి భోజనం చేసి, అమ్మ దగ్గర వుండి, పోటీకి మాత్రం వెళ్ళొచ్చే పద్ధతి అతనికి సరిపోయింది. 2018లో పద్మభూషణ్ వచ్చింది. 2024 నాటికి ప్రపంచ టైటిళ్ళు 28. అయితే ఒక మాట మాత్రం నిజం. టూర్‌లోనే వుండిపోయి వుంటే ఎంతదూరం వెళ్ళేవాడో మనకెవరికీ తెలియకుండా పోయింది. నాకైతే ఆ వెలితి ఇప్పటికీ వుంది. అభిమానులన్నాక ఆ మాత్రం స్వార్థం వుంటుంది లెండి.

మన తెలుగువాళ్ళ వాకిట్లోకీ యీ ఆట వచ్చి వెళ్ళింది. 2016 జూలైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాదులో జరిగింది. స్కాట్లండు కుర్రాడు ఆంటొనీ మగిల్ నెగ్గాడు. 2017 సెప్టెంబరులో విశాఖపట్నంలో! సముద్రం ఒడ్డున హోటల్లో పచ్చబల్లలు వేశారు. మగిల్ మళ్ళీ ఫైనల్‌కొచ్చాడు గానీ, అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జాన్ హిగిన్స్ 5–1తో సాగనంపాడు. విజేతకి యాభైవేల పౌన్లు. తెనాలిలో రైలెక్కితే ఒక్క రాత్రిలో విశాఖ చేరతాం. కానీ ఆ వారమంతా సినిమా హాళ్ళముందు క్యూలు కట్టిన మన కుర్రకారులో ఎంతమంది యీ సంగతి విన్నారు? హైదరాబాదునుంచి వెళ్ళి ప్రొఫెషనల్ టూర్‌లో ఆడివచ్చిన లక్కీ వత్నాని పేరు ఎంతమందికి తెలుసు? పోస్టరు పడని బొమ్మ ఎంత బాగున్నా ఆడదు.

ఇంతకీ తమ్ముడి ప్రశ్న. బతకొచ్చా? కేవలం బహుమతి డబ్బుతో మాత్రం, టూర్‌లో పైవరసలో వున్న కొద్దిమందికి తప్ప కష్టం. మన దేశంలో ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ళలో పెట్రోలు కంపెనీల్లాంటి సంస్థల్లో ఉద్యోగం సంపాదించుకుని, నెల జీతం ధీమాతో ఆడినవాళ్ళున్నారు. కాబట్టి డిగ్రీ పూర్తి చెయ్యి. నీ ఆట ఏపాటిదో తెనాలిలో స్నేహితుల్ని ఓడిస్తే తెలియదు. రాష్ట్ర పోటీలకి వెళ్ళి ఓడిపోతే తెలుస్తుంది. ముంబాయివాడు ఇష్‌ప్రీత్ సింగ్ చడ్ఢా 2023లో టూర్‌లోకి వెళ్ళి, 2024 ఇంగ్లిష్ ఓపెన్‌లో సెమీఫైనల్ ఆడాడు. అక్కడ ఆస్ట్రేలియా ఆటగాడు నీల్ రాబర్ట్‌సన్ ఆపాడనుకో. పంకజ్, ఆదిత్యల తరువాత దారి మూసుకుపోలేదని చెప్పడానికి యీ పేరు చాలు. నాన్నగారికి పంకజ్ జీతం సంగతి ముందు చెప్పు, ఇష్‌ప్రీత్ సంగతి తరువాత చెప్పు. వరస తప్పితే ఇంట్లో మళ్ళీ ఫౌలే!

ఉత్తరం చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వుంది. సొంత కర్ర కొనాలా, క్లబ్బు కర్రతో సరిపెట్టుకోవాలా అని. సొంతదే కొను. ప్రొఫెషనల్స్ తమ కర్రని ఇంకొకర్ని ముట్టనివ్వరు. సుమారు 57, 58 అంగుళాల పొడవు వుండేది చూసుకో. బల్లమీద దొర్లించి చూడు, వంకర వుంటే వెంటనే తెలిసిపోతుంది. కొన్నాక సైకిలు వెనకాల కట్టి ఎండలో తిప్పకు.